బండ మీద సామాను వదలడం, తీయడం: స్పోర్ట్ క్లైంబింగ్ చేసేవారికి సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కర్నూలు, కడప వైపు కొత్తగా లీడ్ (బండలోకి కొట్టిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ కింది నుంచి పైకి పోవడం) ఎక్కుతున్నవారు తిప్పితిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. "క్విక్‌డ్రాలు రాత్రికి బండ మీదే ఉంచేయవచ్చా?" "బండ మీద ఎవరిదో కారబైనర్ కనబడింది, తీసుకోవచ్చా?" కారబైనర్ అంటే స్ప్రింగు గేటున్న లోహపు కొక్కెం. రెండు కారబైనర్లను స్లింగుతో, అంటే బట్ట పట్టీతో, కలిపితే క్విక్‌డ్రా, పొట్టిగా డ్రా. ఒక చివర బోల్టుకు, మరో చివర తాడుకు. ఆ రెండు ప్రశ్నలకూ ఒక్క ముక్కలో జవాబు లేదు. ఆ వస్తువు ఏమిటి, ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది అన్నవి చూడాలి.

ఒకటి మాత్రం ఎప్పుడూ మారదు. వేలాడుతున్న వస్తువుకు ఒక యజమాని ఉంటాడు, దాన్ని నమ్మి ఎక్కబోయే మరో మనిషీ ఉంటాడు. వదిలేసి పోయినదని తేలితే తప్ప, యజమానికి చెప్పకుండా తీయకూడదు. నమ్మి ఎక్కే మనిషికి హాని చేసేదాన్ని వదలకూడదు. కింద ఉన్న పద్ధతులన్నీ ఈ రెండు మాటల మీదే నడుస్తాయి.

లీడ్, బిలే (కింద నిలబడి ఎక్కేవారి తాడు పట్టడం), యాంకర్ (రూటు చివర తాడు వేసే రింగులు, గొలుసు) దగ్గర తాడు మార్చుకోవడం వచ్చినవారికే ఈ మార్గదర్శి. అవి రానివారు శిక్షకుడి ఎదుట, నేల మీదే నేర్చుకోవాలి. చదివితే వచ్చే పనులు కావవి.

## 1. ఎక్కడికి వెళ్తున్నారో ముందు చూసుకోండి

గండికోట, గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలతలు ప్రధానంగా నిర్మాణాలకు సంబంధించినవే. అయినా అక్కడి బండకు డ్రిల్లు పెట్టడం, బురుజుకు స్లింగు చుట్టి వదిలేయడం వంటి ఆలోచనే రాకూడదు. పెన్నా లోయ అంచున నిలబడితే చేతులు దురద పెట్టడం సహజం. జేబులో పెట్టుకోండి.

బోల్టులు కొట్టిన స్పోర్ట్ రూట్ల కోసం మన వైపు నుంచి కర్ణాటకలోని బాదామి వెళ్లడం మామూలు. గుంతకల్లు నుంచి బళ్లారి, హొసపేట, గదగ మీదుగా దారి. అక్కడ ఎర్ర ఇసుకరాయి, ఊరి నిండా కోతులు. బయట పెట్టిన సంచి, తినుబండారం కోతుల లెక్కలోకి పోతాయి. గుహాలయాల పక్కన ఏమీ వేలాడదీయవద్దు. వాన పడిన తర్వాత ఇసుకరాయి బలం తగ్గుతుంది, కాబట్టి బాగా ఆరేదాకా ఎక్కకపోవడమే మర్యాద. తడి బండ మీద విరిగిన పట్టు మళ్లీ మొలవదు.

ఊరి గుట్ట మీద ఎక్కుతుంటే పైన గుడి ఉందేమో చూడండి. చాలా గుట్టలకు ఆంజనేయస్వామో నరసింహస్వామో ఉండనే ఉంటాడు. పూజారితోనో ఊరి పెద్దతోనో ముందే మాట్లాడి, జాతర రోజులు ఏవో కనుక్కోండి. జాతరకు ముందురోజు సాయంత్రానికి మీ సామాను ఒక్కటి కూడా బండ మీద ఉండకూడదు.

కొండ తేనెపట్టు కనిపిస్తే ఆ రూటును వదిలేయండి. పట్టు పక్కన డ్రాలు ఉండిపోయినా వాటి కోసం వెంటనే పైకి పోవద్దు. ఈగలు పట్టు వదిలి వెళ్లాకే తీయాలి.

## 2. సంచిలో ఉండాల్సినవి

మామూలు సామానుతో పాటు ఇవి కూడా పెట్టుకోండి:

- రెండు పాత కారబైనర్లు. పాతవంటే అరిగిపోయినవని అర్థం కాదు, పోయినా బాధపడనివని అర్థం.
- రంగు ఇన్సులేషన్ టేపు
- చిన్న ప్లాస్టిక్ చీటీలు, చెరగని మార్కర్, సన్న తీగ
- ప్రమాణ ముద్ర, బలం కిలోన్యూటన్లలో చెక్కి ఉన్న ఒక స్టీలు మైలాన్ (మర తిప్పి మూసే లింకు), దానికి సరిపడే చిన్న స్పానర్

హార్డ్‌వేర్ దుకాణంలో గొలుసులకు వాడే లింకు చూడటానికి మైలాన్‌లాగే ఉంటుంది, చవకగా వస్తుంది. క్లైంబింగ్‌కు పరీక్షించిన ముద్ర దాని మీద ఉండదు. దాన్ని బండ మీద వదిలితే, తర్వాత వచ్చేవాడు మంచిదనుకుని దానికే వేలాడతాడు.

## 3. గుర్తు వేయండి

కారబైనర్ వెన్ను మీద, అంటే తాడు తగలని వైపు, రెండు రంగుల టేపు చుట్టండి. రెండు రంగులు ఎందుకంటే, ఒక్క రంగే అయితే అది ఇంకొకరికీ ఉంటుంది. గోళ్ల రంగు కూడా పనికొస్తుంది, అయితే లోహం మీదే వేయండి.

స్లింగు బట్ట మీద మార్కర్‌తో పేరు రాయవద్దు. సిరాలోని ద్రావకం దారాన్ని ఏం చేస్తుందో పైకి కనబడదు. టేపు కూడా స్లింగుకు అంటించవద్దు. దాని కింద ఉన్న చిరుగు దాగిపోతుంది.

## 4. బండ మీద కనబడుతున్నది ఏమిటో పోల్చుకోండి

తీయాలా వద్దా అనే ముందు వస్తువు ఏ రకమో తెలియాలి.

బోల్టు, హ్యాంగర్ (బోల్టుకు బిగించిన రంధ్రం ఉన్న రేకు), యాంకర్ రింగులు, గొలుసు. ఇవి రూటులో భాగం. ఎవరూ తీయకూడదు. కొన్ని యాంకర్ల చివర స్టీలు కారబైనర్లో కొక్కేలో శాశ్వతంగా ఉంటాయి. ఎవరో మర్చిపోయారనుకుని వాటిని విప్పి తెచ్చుకుంటే, తర్వాత ఎక్కినవాడు పైన చిక్కుకుపోతాడు.

శాశ్వత డ్రాలు. స్టీలు కారబైనర్లతో, స్లింగుకు బదులు గొలుసుతోనో స్టీలు తీగతోనో ఉంటాయి. వీటినీ ముట్టుకోకూడదు.

సాధన కోసం వేలాడదీసిన డ్రాలు. కింది బోల్టు నుంచి పైదాకా వరసగా, మామూలు క్విక్‌డ్రాలు. ఎవరో ఆ రూటు మీద పని చేస్తున్నారు. వాళ్లు చుట్టుపక్కల లేరన్నంత మాత్రాన అవి దిక్కులేనివి కావు.

దిగిపోతూ వదిలినది. రూటు మధ్యలో ఒకటో రెండో బోల్టులకు ఒంటరి కారబైనర్, దాని పైన ఏమీ ఉండదు. ఎవరో ముందుకు పోలేక దిగిపోయిన గుర్తు. రూటు పూర్తిచేసినవారు దీన్ని తీసి బండను శుభ్రం చేయడం మంచి పనే. యజమాని అడిగితే తిరిగి ఇవ్వాలి. అడగకపోతే తీసినవారిదే.

మొదటి బోల్టుకు ఎర్ర రిబ్బనో గుడ్డపేలికో కట్టి ఉంటే, బోల్టులు కొట్టినవారు తొలి ఎక్కుడు ఇంకా పూర్తిచేయలేదని అర్థం. చాలా దేశాల్లో నడుస్తున్న ఆనవాయితీ ఇది. అడగకుండా ఎక్కకూడదు. అలాగని రిబ్బన్ కట్టి ఏళ్ల తరబడి బండను తన పేర రాయించుకున్నట్టు ప్రవర్తించడమూ పద్ధతి కాదు.

## 5. పగటిపూట వదలడం

మీరు చుట్టుపక్కలే ఉంటే పెద్ద చర్చ అక్కర్లేదు. రెండు పూటల మధ్య భోజనానికి కూర్చున్నప్పుడు డ్రాలు ఉండనివ్వవచ్చు. అయితే తాడు మాత్రం లాగేయండి. తాడు వేలాడుతుంటే రూటు ఖాళీగా లేదని ఇతరులు వెనక్కి పోతారు. మీరు నీడలో పెరుగన్నం తింటుంటే వాళ్లు ఎండలో నిలబడతారు.

ఎవరైనా ఆ రూటు ఎక్కాలని వస్తే, "మా డ్రాల మీదే ఎక్కండి" అనండి. లేదంటే తీసి ఇవ్వండి. మూడో మార్గం లేదు.

## 6. రాత్రికి వదలాల్సి వస్తే

కష్టమైన రూటు మీద వరసగా కొన్ని రోజులు సాధన చేసేటప్పుడే దీని అవసరం. తేలికైన రూటు మీద బద్ధకంతో వదలడాన్ని ఎవరూ మెచ్చరు. నలుగురూ ఎక్కే రూటు అయితే సాయంత్రానికి తీసేయండి.

1. తిరిగి వచ్చే రోజు ముందే నిర్ణయించుకోండి. "వీలున్నప్పుడు" అనేది తేదీ కాదు.
2. చీటీ మీద మీ ఇంటిపేరు పొడి అక్షరాలు, వదిలిన తేదీ, తీసే తేదీ రాసి, కింది నుంచి వచ్చేవారికి కనబడేలా తీగతో కట్టండి. ఫోను నంబరు బండ మీద అక్కర్లేదు, తోటి క్లైంబర్లకు చెప్పి ఉంచితే చాలు.
3. కింది రెండు డ్రాలు తీసేయండి. దారిన పోయేవారి చేతికి అందేవి అవే. తాడు వంపు వల్ల ఎక్కువగా అరిగేవీ అవే. చీటీని మూడోదానికి కట్టండి.
4. స్లింగు మెలిక పడలేదని, గేట్లు బండకు నొక్కుకుని తెరుచుకోవడం లేదని చూడండి.
5. చెప్పిన తేదీకి రాలేకపోతే, తీసిపెట్టమని ఎవరినైనా అడగండి. తీసినవారి దగ్గర నుంచి డ్రాలు తెచ్చుకునే ఖర్చు, శ్రమ మీవి.

ఇక్కడ గొర్రెల కాపరి మాట చెప్పాలి. రోజూ ఆ గుట్ట కింద మంద మేపుకునే మనిషికి, బండకు వేలాడుతున్న కారబైనర్ మెరిసే మంచి కొక్కెం. పలుపుకో, నీళ్ల క్యానుకో చక్కగా పనికొస్తుంది. అది ఎవరిదో, ఎందుకుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తీసుకుపోయాక దొంగతనమని గోల పెట్టేకంటే, మొదటిరోజే "అన్నా, ఇవి మావి, ఆదివారం తీసేస్తాం, మనిషి బరువు వీటి మీదే ఉంటుంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయనే కాపలా కాస్తాడు. పాత ఇనుము ఏరుకునే పిల్లలనూ ఆయనే అదిలిస్తాడు.

మన వాతావరణం లోహం కంటే బట్టకు ఎక్కువ శత్రువు. అనంతపురానికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే. తుప్పు నెమ్మదిగా పడుతుంది, ఎండ మాత్రం నైలాన్‌ను త్వరగా తినేస్తుంది. రంగు వెలిసి, వేలితో వంచితే గట్టిగా అట్టలా తగిలే స్లింగు పని అయిపోయినట్టే. ఆషాఢ గాలికి ఖాళీ డ్రాలు రోజంతా ఊగి, హ్యాంగర్ అంచు మీద రాపిడి పడతాయి. అందుకే వారాంతం నుంచి వారాంతానికి వదలడం చలికాలంలో ఒప్పుకోవచ్చు. మార్చి దాటాక వద్దు.

## 7. ఇంకొకరి డ్రాల మీద ఎక్కేటప్పుడు

ముందు అడగండి. యజమాని లేకపోతే, చాలా చోట్ల వేలాడుతున్న డ్రాల మీద ఎక్కడం తప్పుకాదు. వాటిని జరపడం, తీయడం, పొడుగు మార్చడం మాత్రం తప్పు.

అయితే ఇంకొకరి సామాను మీద నమ్మకం మీరు చూసుకుని పెట్టుకోవాలి. 2013 జులైలో ఫ్రాన్స్‌లోని ఓర్పియేర్‌లో 12 ఏళ్ల ఇటలీ బాలుడు, ఎంతో కష్టమైన రూట్లు ఎక్కినవాడు, పడి చనిపోయాడు. అతను వాడిన క్విక్‌డ్రాలు చాలావరకు తప్పుగా కూర్చినవి. కారబైనర్ స్లింగులో కాకుండా, దాన్ని కదలకుండా పట్టే రబ్బరు ముక్కలో మాత్రమే ఉంది. దూరం నుంచి చూస్తే సరైన క్విక్‌డ్రాకూ దానికీ తేడా కనబడదు.

కాబట్టి ప్రతి డ్రా దగ్గర, తాడు వేసే ముందు చూడాల్సినవి:

- కారబైనర్ స్లింగు మడతలోంచే వెళ్తోందా? రబ్బరును కాస్త పక్కకు జరిపి చూడండి.
- తాడు ఆనే వంపులో గాడి పడిందా? గోరుతో గీస్తే అంచు పదునుగా తగిలితే వాడవద్దు. గాడి మిల్లీమీటరు లోతు దాటితే ఇక ఆలోచించనక్కర్లేదు.
- గేటు దానంతటదే పూర్తిగా మూసుకుంటోందా? కారబైనర్ పొడుగున 20 కిలోన్యూటన్లకు తట్టుకునేదే, గేటు తెరుచుకుంటే 7 నుంచి 10 దగ్గరే ఆగిపోతుంది. మన ఎర్రదుమ్ము గేటు స్ప్రింగులో చేరి అడ్డుపడటం తరచూ చూసేదే.
- స్లింగు వెలిసిందా, కుట్టు దారాలు లేచాయా?
- హ్యాంగర్ చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతోందా?

ఏదైనా బాగోలేకపోతే పక్కనే మీ డ్రా వేసుకుని ఎక్కండి. కిందికి వచ్చాక యజమానికి చెప్పండి. పదునెక్కిన కారబైనర్‌ను మాత్రం యజమాని కోసం ఆగకుండా దింపేసి, దాన్ని ఆయనకు అప్పగించండి. తాడు కోసే వస్తువును మర్యాద పేరుతో పైన ఉంచకూడదు.

## 8. మధ్యలోనే దిగిపోవాల్సి వస్తే

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అలసట, భయం, చీకటి పడుతోందన్న తొందర అన్నీ కలిసి వస్తాయి. ముందే నేల మీద, మోకాలి ఎత్తున ఒక బోల్టు దొరికితే అక్కడ, ఈ వరసను చేసి చూసుకోండి.

1. మీరు చేరిన పై బోల్టుకు డ్రా, అందులో తాడు ఉన్నాయి. బిలే చేసేవారిని తాడు బిగించమని చెప్పి, దాని మీద కూర్చోండి.
2. బోల్టును చూడండి. నట్టు వదులైనా, చుట్టూ రాయి పగిలినా, ఒక బోల్టు కిందికి దిగి అక్కడ ఇదే పని చేయండి.
3. అదే హ్యాంగర్ రంధ్రంలో, డ్రా పక్కన, పాత కారబైనర్ వేయండి.
4. కొద్దిగా తాడు వదలమని అడిగి, ఆ తాడును పాత కారబైనర్‌లో కూడా వేయండి. డ్రాలోంచి ఇంకా తీయలేదు, గుర్తుంచుకోండి.
5. మళ్లీ బిగించమనండి. బరువు పాత కారబైనర్ మీద సరిగ్గా పడిందని, గేటు బండకు తగలడం లేదని కళ్లతో చూశాకే డ్రా తీయండి.
6. నెమ్మదిగా దిగుతూ, కింది బోల్టు దగ్గర కూడా ఇదే వరసలో రెండో పాత కారబైనర్ వేసి, డ్రా తీసుకోండి. తాడు రెండింటిలోనూ ఉంటుంది. పై బోల్టు మోసం చేస్తే ఇది ఆదుకుంటుంది.
7. మిగతా డ్రాలు తీసుకుంటూ నేలకు రండి. మీ వైపు చివర ముడులన్నీ విప్పి, కింద అందరినీ హెచ్చరించి, తాడు లాగండి.

రంధ్రంలో రెండు కారబైనర్లు పట్టకపోతే విన్యాసాలు వద్దు. డ్రానే వదిలేసి దిగండి. వెయ్యి రూపాయల పైచిలుకు వస్తువే, రేపు వచ్చి తీసుకోవచ్చు.

తాడును హ్యాంగర్ రంధ్రంలోంచే నేరుగా వేసి దిగకండి. ఆ రేకు అంచు తాడును కోస్తుంది. స్లింగులోంచి కూడా వేయకూడదు. నైలాన్ 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. బట్ట మీద బట్ట బరువుతో జారితే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు.

మైలాన్ కంటే కారబైనర్ వదలమని ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చేవారు దాన్ని ఒంటిచేత్తో తీయగలరు. మైలాన్ బిగుసుకుపోతే రంధ్రం మూసుకుపోయి, ఆ బోల్టే ఎవరికీ పనికిరాదు. వేరే దారి లేక వదిలితే చేత్తో బిగించి, స్పానర్ పట్టుకుని వారంలోపు తిరిగి రండి.

కొన్ని గుట్టలకు వెనకవైపు నుంచి గుడి మెట్లు ఉంటాయి. పైన సరైన యాంకర్ ఉంటే అటునుంచి దిగి సామాను తెచ్చుకోవడమే సులువు.

## 9. యాంకర్ దగ్గర

నలుగురు వరసగా టాప్‌రోప్ (ముందే పైన యాంకర్‌లో వేసిన తాడు) మీద ఎక్కుతుంటే, తాడు మీ సొంత కారబైనర్లలో ఉండాలి, యాంకర్ రింగుల్లో కాదు. మన తాళ్లకు అంటుకునే దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. బరువుతో దిగే ప్రతిసారీ అది లోహాన్ని ఆకురాయిలా గీస్తుంది. ఆఖరున ఎక్కినవారు మాత్రమే తాడును రింగుల్లోకి మార్చి, మీ సామాను విప్పుకుని దిగాలి.

ఆఖరి మనిషికి ఈ పని రాకపోతే, వచ్చినవారే ఆఖరున ఎక్కాలి. పైకి పోయాక కింది నుంచి అరుస్తూ నేర్పించడం చాలా చోట్ల చూస్తాం. అది ఆపేయాలి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

డ్రా రెండు చివరలను మార్చి వాడటం. బోల్టుకు తగిలించే కారబైనర్‌కు హ్యాంగర్ గీట్లు పడతాయి. దాన్నే తాడు వైపు వాడితే ఆ గీట్లు తాడును గీకుతాయి. రబ్బరు ఉన్న చివర ఎప్పుడూ తాడుకే.

అరిగిన డ్రాలు సాధనకు వేలాడదీయడం. "పోతే పోనీ" అనుకునే వస్తువును తెస్తారు. పోయేది వస్తువు కాకపోవచ్చు. ఎక్కువ రోజులు వదలాల్సినవి స్టీలు కారబైనర్లై ఉండాలి.

యజమాని తెలియని డ్రాలు "శుభ్రం" చేయడం. చీటీ లేకపోయినా, వరసగా ఉన్నవాటిని వెంటనే తీయవద్దు. ఫోటో తీసి, ఆ ప్రాంతంలో ఎక్కేవారిని అడగండి. రెండు మూడు వారాలైనా ఎవరూ పలకకపోతే, దింపి, ఎక్కడ దాచారో అందరికీ చెప్పండి. దింపడం వేరు, సొంతం చేసుకోవడం వేరు.

తీసుకున్నాక రంగు టేపు చూసి కూడా మౌనంగా ఉండటం. దీనికి సవరణ చెప్పనక్కర్లేదు.

పనికిరానివాటిని బండ కింద పారేయడం. వాడటం మానేసిన స్లింగును కత్తిరించి ముక్కలు చేయండి. పూర్తిగా ఉంటే దాన్ని ఏరుకుని ఎవరో బావిలోకి దిగడానికి కట్టుకుంటారు. కారబైనర్ గేటును ఇంట్లో విరగ్గొట్టి పాత ఇనుములో వేయండి. తయారీదారులు బట్ట సామానుకు సాధారణంగా చెప్పే గరిష్ఠ ఆయుష్షు 10 ఏళ్లు, అది కూడా బీరువాలో జాగ్రత్తగా ఉంచితేనే. ఎండలో వేలాడినదానికి ఆ లెక్క వర్తించదు.